తిరిగి తెచ్చిన సీసాలు

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా నాన్న ఎడమ కన్ను మసకబారింది. కంటి వెనకాల పొర ఊడిందన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేసి మూడు వారాలు బోర్లా పడుకోబెడితేనే అది మళ్ళీ అతుక్కుంటుందనీ, ఈలోగా తల ఎత్తితే చూపు మీద ఆశ వదులుకోవడమేననీ చెప్పాడు. మధ్యాహ్నం కునుకు కూడా కొట్టులో స్టూలు మీద కూర్చునే తీసే మనిషి మా నాన్న. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఆసుపత్రి మంచం మీద బోర్లా వేశారు. మంచానికి తలవైపు ముఖం పట్టేంత కంత ఉండేది. అందులోంచి ఆయనకి కనిపించేవి వచ్చినవాళ్ళ కాళ్ళు మాత్రమే. మేం నోరు విప్పకముందే చెప్పులు చూసి పోల్చుకునేవాడు.

మాది బస్సు డిపో గోడ మలుపు తిరిగే చోట మూల కొట్టు. లోపలికి అడుగుపెడితే ఎడమవైపు పప్పూ ఉప్పూ, సబ్బులూ అగ్గిపెట్టెలూ. కుడివైపు ఇనుప జాలీ వెనకాల మద్యం సీసాలు. జాలీ పక్కన అద్దం బిగించిన చట్రంలో లైసెన్సు, దాని మీద నాన్న పేరు. ముప్ఫై ఏళ్ళు అమ్మాడు గానీ చుక్క ముట్టి ఎరగడు. ఎవరైనా ఎకసక్కెం చేస్తే, "చెప్పులు కుట్టేవాడు వంద జతలు తొడుక్కుని తిరుగుతాడా?" అనేవాడు. అప్పటికే తూలుతూ వచ్చినవాడికి సీసా ఇచ్చేవాడు కాదు. మీసం సరిగా మొలవనివాడికి ఇచ్చేవాడు కాదు. "ఈ పూటకి చాలు, ఇంటికి పో" అని ఆయన చేత అనిపించుకోని తాగుబోతు మా పేటలో లేడు. ఆ పేట ఆడవాళ్ళు ఆయన్ని సగం తిట్టుకునేవారు, సగం నమ్ముకునేవారు.

మా ఆయన ఇల్లరికపు అల్లుడు. పెళ్ళినాటికి అచ్చాఫీసులో పనిచేసేవాడు. అది మూతపడ్డాక మా కొట్టుకి వచ్చాడు. వచ్చి ఆరేళ్ళైనా నాన్న అతన్ని "మీరు" అనే పిలిచేవాడు. "అల్లుడుగారూ, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను" అనేవాడు. మర్యాద చేసి మనిషిని గుమ్మం అవతల నిలబెట్టడం మా నాన్నకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తాళాల గుత్తి ఆయన నడుం దగ్గరే ఉండేది. ఆసుపత్రికి వెళ్ళేరోజు కూడా అది అమ్మ చేతికి ఇచ్చాడు. ఆయన ఎక్కిన రిక్షా మలుపు తిరిగేదాకా అమ్మ ఆగి, "ఇదిగో బాబూ, ఇక నీదే భారం" అని మా ఆయన చేతిలో పెట్టింది.

భారం ఆ వారంలోనే మీద పడింది. సరుకు పంపే గిడ్డంగిలో లారీ డ్రైవర్లు సమ్మె కట్టారు. వారం తిరిగేసరికి కుడివైపు అరలు బోసిపోయాయి. వచ్చినవాళ్ళు జాలీలోంచి తొంగిచూసి, "పెద్దాయన లేకపోతే కొట్టు ఇంతే" అని గొణుక్కుంటూ పోయేవారు. ఆ మాట మా ఆయన చెవిన పడేటట్టే అనేవారు.

ఆసుపత్రిలో నాన్న మొదటి ప్రశ్న రోజూ అదే. కంత కింద మా ఆయన చెప్పులు కనబడగానే, "అరలు ఎలా ఉన్నాయి అల్లుడుగారూ?" అని నేలని అడిగేవాడు.

"నిండుగానే ఉన్నాయి మామయ్యగారూ" అన్నాడు మా ఆయన. ఆ రోజుకి అరల మీద ఏడు సీసాలున్నాయి.

వరండాలోకి వచ్చాక ఎందుకలా చెప్పావని అడిగాను. అక్కడ బోర్లా పడుకుని దిగులు పెట్టుకుంటే ఆయన కన్నెలా అతుక్కుంటుందన్నాడు. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు. మంచి మనసుతో ఆడిన మాటే. కానీ ఆడినవాడికి అది నిజం చేయక తప్పదనిపించింది. నాలుగు రోజుల తరువాత నేను ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడివైపు అరలు పై నుంచి కిందిదాకా నిండి ఉన్నాయి. అచ్చాఫీసు రోజుల్లో పరిచయమైన ఒకాయన వ్యానులో తెచ్చి దించాడట. ఇంకా తొమ్మిది పెట్టెలు వెనక గదిలో పంచదార బస్తాల చాటున పెట్టాడు.

నాన్న ఇంటికి వచ్చే ముందురోజు కొట్టంతా శుభ్రం చేస్తున్నాను. తడిగుడ్డతో సీసాలు తుడుస్తుంటే ఒకదాని మూత మీద ప్రభుత్వ ముద్ర ఉన్న బిళ్ళ నా బొటనవేలి కింద జారింది. వేలి గోటికి ఊదారంగు అంటుకుంది. ఇంకో సీసా తుడిచాను. అదీ అంతే. మా ఆయన్ని పిలిచి వేలు చూపించాను. అతను నా వేలు చూశాడే గానీ సీసా వంక చూడలేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"పన్నెండేళ్ళు అచ్చు పని చేశాను. చూడగానే తెలియదా?" అన్నాడు. జాలీ తలుపు దగ్గరికి వేసి, "పది రోజులు ఓర్చుకో. సమ్మె ఆగుతుంది. అసలు సరుకు వచ్చిన పూటే ఇవన్నీ తీసి పారేస్తాను. ఖాళీ అరలు చూపించి ఆయన్ని ఇంట్లోకి ఎలా పిలవను?" అన్నాడు.

నేను గుడ్డ పిండి ఆరేశాను. మిగతా సీసాలన్నీ పొడిగుడ్డతో తుడిచాను.

మర్నాడు నాన్న నల్లకళ్ళద్దాలతో రిక్షా దిగాడు. ఇంట్లోకి వెళ్ళకుండా ముందు కొట్టులోకే వచ్చాడు. జాలీ తలుపు తీయించుకుని, కుడి అరల మీద ఈ చివర నుంచి ఆ చివరకి అరచెయ్యి పోనిచ్చాడు. సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఎక్కడా సందు లేదు. సమ్మె సంగతి ఆసుపత్రిలో ఎవరో చెప్పనే చెప్పారట. ఎలా తెచ్చారని మాత్రం అడగలేదు. అల్లుడి వైపు తిరిగి, "కొట్టు నిలబెట్టావోయ్. నేనుంటే నా వల్ల అయ్యేది కాదు నువ్వు చేసిన పని" అన్నాడు.

ఆరేళ్ళలో మొదటిసారి "నువ్వు" అన్నాడు. మా ఆయన వెనక గదిలోకి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. మళ్ళీ ముంచుకుని మళ్ళీ తాగాడు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "చూశావుటే, రాయి కరిగింది" అంది. నాకూ సంతోషమే వేసింది. దాచడమెందుకు, ఆ సంతోషం పోతుందనే భయంతోనే నేను నోరు మెదపలేదు.

తనిఖీవాళ్ళు ఒక సోమవారం పదిగంటల వేళ వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో పెద్దవాడు ఇన్‌స్పెక్టరు. నెత్తి మీద జుట్టు పలచబడ్డ, మెత్తగా మాట్లాడే మనిషి. ఎవరో ఫిర్యాదు ఇచ్చారనీ, చూడక తప్పదనీ చెప్పాడు. నాన్న స్టూలు లాగి ఆయనకి వేసి, నా కొట్టులో దాపరికం ఏముంది, ఒక కంటితో నేను చూపించలేను గానీ మీ రెండు కళ్ళతో మీరే చూసుకోండన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు కూడా.

బిళ్ళ అసలుదో కాదో సరిచూడడానికి ఆయన ఫోను సీసా మూత మీద పెట్టాడు. తీసి ఇంకో సీసా మీద పెట్టాడు. మూడోదానికి ఆయన ముఖంలో నవ్వు లేదు. కుర్రాళ్ళిద్దరూ వెనక గదిలోకి వెళ్ళి పంచదార బస్తాలు జరిపిన చప్పుడు వినిపించింది. పెట్టెలు ఒక్కొక్కటే తెచ్చి నాన్న కాళ్ళ ముందు పెట్టారు.

నాన్న ఒక సీసా తీసుకున్నాడు. నల్లద్దాలు నుదుటి మీదకి తోసి, కుడికంటికి దగ్గరగా పెట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. అసలు బిళ్ళ అయితే తిప్పినప్పుడు ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. ఇది మారలేదు. తల తిప్పి అల్లుడి వంక చూశాడు. మా ఆయన చూపు నేల మీద ఉంది. ఆ తరువాత నాన్న నా వంక చూడలేదు. చూసి ఉంటే తెలిసిపోయేది.

"సరుకు ఎవరిదండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కొట్టు నాది. అందులో ఉన్నవన్నీ నావే" అన్నాడు నాన్న.

జాలీకి తాళం వేసి దాని మీద లక్కముద్ర కొట్టారు. కొట్టు తలుపు మీద ఒక నీలం కాగితం అతికించారు. ఈ కొట్టు మద్యం లైసెన్సును పునఃపరిశీలించబోతున్నారనీ, అభ్యంతరాలున్న పౌరులు ఇరవై ఎనిమిది రోజుల్లోగా రాసి ఇవ్వవచ్చనీ దాని సారాంశం. ఎండకి అది వెలిసిపోయేదాకా పేటంతా చదివింది. ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ముందు అది చదివి, తరువాత ఉప్పు అడిగేవారు. నాన్న అల్లుణ్ణి మళ్ళీ "మీరు" అనడం మొదలుపెట్టాడు. అది కూడా ఎదురుపడితేనే.

లైసెన్సులు చూసే వకీలు ఒకాయన్ని అమ్మ వెతికి పట్టుకుంది. పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. సరుకు దొరికిందే గానీ అమ్మినట్టు రుజువు లేదు కదా, దాన్నే పట్టుకుని వేలాడదాం అన్నాడు. ఒక్క సీసా కూడా గడప దాటలేదు, పెద్దాయన ఆసుపత్రిలో ఉండగా వచ్చిన సరుకు, చూసీ చూడగానే పక్కన పెట్టేశారు అని చెబితే, మందలించి కొన్నాళ్ళు ఆపి లైసెన్సు తిరిగి ఇచ్చేస్తారన్నాడు. అమ్మ ప్రాణం లేచొచ్చింది. నాన్న మాత్రం, "అమ్మాం కదండీ" అన్నాడు. అది మీ నోటి నుంచి రాకపోతే చాలన్నాడు వకీలు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఇంకో సంతకం కోసం వచ్చి, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగాడు. పరీక్షకి పంపిన సీసాల కబురు వచ్చిందనీ, కొన్నిట్లో కలిపింది మంచిది కాదనీ, ఎక్కువ తాగితే కళ్ళు పోయే సరుకనీ చెప్పాడు. ఆ మాట ఆయన చెప్పాల్సిన పని లేకపోయినా చెప్పాడు.

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. మూడు వారాలు నేలని చూస్తూ పడుకుని కన్ను దక్కించుకున్న మనిషి. "చూపు పోతుందిటే" అన్నాడు అమ్మతో, ఆమె వినలేదేమో అన్నట్టు. అప్పుడు మా ఆయన్ని పిలిచి, ఎవరెవరికి అమ్మారో చెప్పమన్నాడు. మా ఆయన ఒక్కొక్కరినే గుర్తు చేసుకుని చెబుతుంటే నేను రాశాను. ముప్ఫై ఒక్క మంది తేలారు.

"సంచీ తీసుకుని పదమ్మా" అన్నాడు నాన్న.

వకీలుకి తెలిస్తే ఏమంటాడో అని అమ్మ అడ్డుపడింది. ముందు వాళ్ళ కళ్ళు, తరువాత వకీలు నోరు అన్నాడు నాన్న. తానూ వస్తానన్నాడు మా ఆయన. నాన్న నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం నుంచి మూడు సాయంత్రాలు తిరిగాం. అప్పటికింకా సందు గోడలు వేడి కక్కుతూనే ఉండేవి. నాన్నకి కుడికంటి చూపూ అంతంతే, ఆ నల్లద్దాల్లోంచి అడుగు దూరంలో ఉన్నది కూడా మసకే. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పేవాడు. "మా కొట్టులో కొన్న సీసాలో చెడ్డ సరుకు ఉంది. మిగిలి ఉంటే ఇచ్చెయ్యండి. తాగేసి ఉంటే, కళ్ళు ఎలా ఉన్నాయో చూపించుకోండి." కొందరు నిశ్శబ్దంగా తెచ్చి ఇచ్చారు. ఒకాయన రెండు రోజులు వాంతులతో పడి లేచాడట. అది ఎండదెబ్బ అనుకున్నాడట. ఇంకొకడు సగం తాగిన సీసా ఎత్తి చూసి, "ఇంత బాగున్నదానికి ఈ పేరేంటి?" అని నిట్టూర్చి మరీ ఇచ్చాడు. తిట్టినవాళ్ళు ఇద్దరు ముగ్గురే. వాళ్ళ ముందు నాన్న తల వంచుకుని, వాళ్ళు ఆపేదాకా నిలబడ్డాడు.

హెడ్మాస్టరు ఇంట్లో ఆయన భార్య తలుపు తీసింది. మాస్టారు తాగరండీ, ఇల్లు పొరబడ్డారంది. నాన్న పొరబడలేదు. ఒకసారి పిలవండమ్మా అన్నాడు. హెడ్మాస్టరు వచ్చి, మా ఇద్దర్నీ చూసి సున్నం కొట్టిన గోడలా అయిపోయాడు. నాకేమీ తెలియదన్నాడు.

"మాస్టారూ, పరువు సంగతి రేపు చూసుకుందాం. ఇవాళ కళ్ళు" అన్నాడు నాన్న.

ఆయన లోపలికి వెళ్ళాడు. పుస్తకాల బీరువా తెరిచిన చప్పుడైంది. లావుపాటి నిఘంటువుల వెనక నుంచి సీసా తెచ్చి నా సంచీలో పెట్టాడు. పాతికేళ్ళు కాపురం చేసిన ఆ భార్య, ఆ బీరువా వైపు ఒకసారీ, మొగుడి వైపు ఒకసారీ చూసి, మాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. మేం నీళ్ళు తాగకుండా రాలేకపోయాం.

అక్కడి నుంచి బయటపడ్డాక నా చేతిలో సంచీ బరువెక్కింది. నా మోచెయ్యి మీద నాన్న చెయ్యి ఎప్పటిలాగే ఉంది. ఇన్ని గుమ్మాల్లో ఆయన తన తప్పు కాని తప్పు ఒప్పుకుంటుంటే, పక్కన నిలబడ్డ నేను సంచీ పట్టుకునే మనిషిలా ఉండిపోయాను. ఇంక ఉండలేకపోయాను.

"నాన్నా, నాకు ముందే తెలుసు" అన్నాను.

ఆయన ఆగాడు. "ఎప్పటినుంచి?"

"నువ్వు ఆసుపత్రి నుంచి రాకముందు నుంచి. తడిగుడ్డతో తుడిచినప్పుడు రంగు అంటింది."

చెప్పేసి, తిడతాడని ఎదురు చూశాను. సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ మమ్మల్ని దాటుకుని పోయారు. నాన్న నా మోచెయ్యి వదిలేశాడు.

"తరువాత ఇల్లు ఎవరిది?" అన్నాడు.

"పాలాయనది."

"పద" అన్నాడు. మళ్ళీ నా చెయ్యి అందుకోలేదు. పక్కనున్న ప్రహరీగోడ తడుముకుంటూ నడిచాడు. గోడ అయిపోయిన చోట ఆగి, కాలితో నేల వెతుక్కుని, మళ్ళీ నడిచాడు. నేను రెండడుగులు వెనక నడిచాను. మిగతా రెండు సాయంత్రాలూ అలాగే నడిచాం.

పన్నెండు సీసాలు తిరిగొచ్చాయి. నాన్న వాటిని ఆ సంచీతోనే పట్టుకెళ్ళి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టించాడు. నేను రాసిన ముప్ఫై ఒక్క పేర్ల కాగితం కూడా ఇచ్చాడు, అందరికీ వైద్యపరీక్ష చేయించమని. వకీలు విని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "కొరివితో తల గోక్కున్నారు సార్. వాళ్ళ దగ్గర లేని రుజువు మోసుకెళ్ళి మీరే ఇచ్చారు" అన్నాడు. దేవుడు చల్లగా చూశాడు, ఎవరి కళ్ళూ పోలేదు. ఆ కబురు తెలిసిన రోజు నాన్న కడుపునిండా తిన్నాడు. ఆ నెల మొత్తంలో ఆయన అలా తిన్నది ఆ ఒక్క పూటే.

విచారణ పురపాలక భవనంలో రెండో అంతస్తులో జరిగింది. పెద్ద గది, పొడుగు బల్ల, ఆగి ఆగి తిరిగే ఫ్యాను. ముగ్గురు సభ్యులు. మధ్యలో అధ్యక్షురాలు, తెల్లజుట్టు గట్టిగా ముడివేసుకున్న పెద్దావిడ. కాగితాలన్నీ ముందే చదువుకుని వచ్చిందని ఆమె అడిగే తీరులోనే తెలిసింది. ఇన్‌స్పెక్టరు దొరికిన సరుకు లెక్క చెప్పాడు. అడగకపోయినా, సీసాలు తిరిగి తెచ్చింది లైసెన్సుదారే అని కూడా చెప్పాడు. వకీలు చేతనైనంత మాట్లాడాడు.

ఆ మూడు వారాలు కొట్టు ఎవరు చూశారని అధ్యక్షురాలు అడిగింది. నేనే అన్నాడు నాన్న. మీరు ఆసుపత్రిలో ఉన్నారు కదా అంది. మంచం మీదున్నా కొట్టు నాదేనండీ అన్నాడు.

వెనక వరసలో కుర్చీ కాలు జరిగిన చప్పుడైంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"సరుకు తెచ్చింది నేనండి. దొంగ సరుకని తెలిసే తెచ్చాను. ఆయనకి ఏమీ తెలియదు."

కూర్చోమని వకీలు సైగ చేశాడు. అతను కూర్చోలేదు. అది ఒప్పుకుంటే విడిగా కేసు నడుస్తుందని తెలుసా అని అధ్యక్షురాలు అడిగింది. తెలుసన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా తెలుసా అని అడిగింది.

"లేదండి. నాకొక్కడికే" అన్నాడు.

ఆమె కలం కింద పెట్టి నాన్న వైపు తిరిగింది. "మీ అమ్మాయి కూడా కొట్టులో పనిచేస్తుంది కదా. ఆమెకి సంబంధం లేదంటే రేపు ఆమె పేరు మీద దరఖాస్తు చేసుకునే అవకాశం ఉంటుంది. అందుకని అడుగుతున్నాను. అమ్మిన సీసాలు గుమ్మం గుమ్మం తిరిగి వెనక్కి తెచ్చిన మనిషి మీరు. మీ మాటే రాసుకుంటాను. ఆమెకి తెలుసా?"

నాన్న ముందరి బల్ల అంచు పట్టుకున్నాడు. ఎప్పుడూ, ఏది అడిగినా, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే మనిషి. ఆ రోజు ఫ్యాను ఆగి మళ్ళీ తిరగడం మొదలుపెట్టేదాకా మాట్లాడలేదు.

"తెలియదండి" అన్నాడు.

గుమాస్తా రాసుకున్నాడు. నేను లేవాల్సింది. కాళ్ళున్నాయి, లేవలేదు. అమ్మ నా పక్కన కూర్చుని ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆమెకి అది నిజమే అనిపించింది మరి. మా ఆయనా నాన్నా ఇద్దరూ ఎదురుగా చూస్తున్నారు. ఒకరి మాట ఇంకొకరికి అబద్ధమని తెలుసో లేదో నాకు ఆ రోజు తెలియలేదు. తెలుసుకోవాలని తరువాత అడగలేదు కూడా.

మెట్లు దిగి బయటికి వచ్చాం. ఎండ నడినెత్తిన ఉంది. మా ఆయన మాకు దూరంగా, గోడ నీడలో నిలబడ్డాడు. నాన్న తడుముకుంటూ అతని దగ్గరికి వెళ్ళి, "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు నువ్వు. ఇంటికి పద" అన్నాడు. మా ఆయన అక్కడే, అంతమంది వచ్చిపోయే చోట, ముఖం గోడకి తిప్పుకుని ఏడ్చాడు.

ఆర్డరు పది రోజులకి వచ్చింది. లైసెన్సు రద్దు. ఉప్పూ పప్పూ అమ్ముకోవచ్చు. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి జాలీ మీద ముద్ర విప్పించాడు. చట్రంలోంచి లైసెన్సు తీసుకునేటప్పుడు ఆయన చేతులు తొందరపడ్డాయి. మా ఆయన కేసు తొందరగానే తేలింది. ఒప్పుకున్నాడు కాబట్టి నాలుగు నెలల జైలే పడింది. వెళ్ళేరోజు నన్ను పక్కకి పిలిచి, "ఆ రోజు నువ్వు వేలు చూపించినప్పుడే వినుండాల్సింది" అన్నాడు. నేను అతని చొక్కా గుండీ పెట్టాను. నేనింకా గట్టిగా చెప్పుండాల్సిందని అందామనుకున్నాను. బదులుగా ఇంకో గుండీ పెట్టాను. తిరిగొచ్చాక అతను కొట్టులో అడుగు పెట్టలేదు. ఊరి అవతల ఒక అచ్చాఫీసులో చేరాడు. ఇంటికి వస్తాడు, తింటాడు, నాన్నకి కంట్లో మందు చుక్కలు వేస్తాడు. కొట్టు వైపు గుమ్మంలోంచి మాత్రం రాడు.

మా ఆయన తిరిగి రాకముందే, తొలకరి పడిన వారం, నాన్న ఆర్డరుతో పాటు వచ్చిన ఇంకో కాగితం తెచ్చి గల్లా బల్ల మీద నా ముందు పరిచాడు. కొత్త దరఖాస్తు. ఆయన కన్ను అప్పటికి చాలావరకు తేరుకుంది. వేలితో అక్షరాల కింద గీత గీస్తూ, తన మాట మీద ఇచ్చిన అవకాశమిదనీ, ఈ నెలాఖరుకి పంపాలనీ చెప్పాడు. కలం మూత తీసి నా చేతికిచ్చాడు.

అడుగున ఒక వాక్యం ఉంది. ఈ దుకాణంలో గతంలో జరిగిన ఉల్లంఘన నాకు తెలియదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. దాని కింద గీత, సంతకానికి.

నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కలం కింద పెట్టాను.

"నా వల్ల కాదు నాన్నా."

"ఒక్క సంతకం."

"ఆ మాట నువ్వు ఒకసారి అన్నావు. చాలు" అన్నాను.

వాన చూరు మీద నుంచి ధారగా పడుతోంది. ఆయన కాగితం తీసుకున్నాడు. చింపుతాడనుకున్నాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళ కొట్టు, నీకోసమే అనుకున్నాను" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

అప్పుడే గొడుగు మడుచుకుంటూ ఎవరో లోపలికి వచ్చారు. పేటకి కొత్త మనిషి. తలుపు మీద కాగితం చూడని మనిషి. తిన్నగా కుడివైపుకి నడిచి, జాలీ ముందు నిలబడి, కావలసిన సీసా పేరు చెప్పాడు. నాన్న స్టూలు మీద నుంచి లేచాడు.

అమ్మడం లేదు అంటాడనుకున్నాను. ఆపేశాం అన్నా సరిపోయేది.

"ఇక్కడ మద్యం అమ్మం బాబూ" అన్నాడు, ఎన్నడూ అమ్మనివాడిలా.